పెరట్లో రెండు గదులు

మా ఇంటి పెరట్లో పునాదులు తవ్వే పని 2023వ సంవత్సరం రంజాన్ పండుగ వెళ్ళిన పదిహేను రోజులకు మొదలయింది. మాది నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేల. వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది, నాలుగు వానలు పడగానే ఉబ్బుతుంది. అటువంటి నేల మీద పైపైన లేపిన గోడ రెండు మూడేళ్ళకే నెర్రె విడుస్తుంది. కనుక ఆరడుగుల లోతుకు దిగి, గరుసు కనిపించిన తరువాతనే కమ్మీలు దించుతానని మేస్త్రీ పట్టుబట్టాడు. అసర్ నమాజు ముగించుకుని మదర్సా నుండి వచ్చి నేను ఆ గుంతల అంచున నిలబడేవాడిని. ఇంటి పని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా విద్యార్థులకు అరబీ వ్యాకరణం, ఫిఖహ్ బోధించడం తప్ప మరొక పని చేసినవాడిని కాను. అయినా ఆ గుంతలను చూస్తుంటే ఏదో సాధిస్తున్నానన్న తృప్తి కలిగేది.

తలపెట్టినవి రెండు గదులు. ఒక్కొక్కటి పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పెద్దబ్బాయికి ఒకటి, చిన్నబ్బాయికి ఒకటి. పెద్దవాడికి ఖతర్ వీసా ఏ నెలలోనైనా రావచ్చు. చిన్నవాడు డిప్లొమా పూర్తి చేసి బెంగుళూరులో ఉద్యోగం వెతుక్కునే ప్రయత్నంలో ఉన్నాడు. అమ్మాయికి సంబంధాలు వస్తున్నాయి. ఏడాది తిరిగేలోగా ముగ్గురూ వెళ్ళిపోతారు. వారు గడప దాటకముందే ఇల్లు పెంచాలన్నది నా పట్టుదల.

వినేవారికి ఇది వింతగా తోచవచ్చు. పిల్లలు ఉన్నంత కాలం ఇరుకులో సర్దుకుని, తీరా వెళ్ళిపోయే వేళకు గదులు కట్టడమేమిటి? మా ఇంటావిడ కూడా ఆ ప్రశ్నే వేసింది. "వాళ్ళు వచ్చేది ఏడాదికి ఇరవై రోజులు. తక్కిన రోజులు ఆ గదులు ఊడ్చేది నేను" అన్నది. నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. నాతో పాటు పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన ఇంటికి కొడుకులు, కోడళ్ళు పండుగకు వచ్చి, పడుకునే చోటు లేక పట్నంలో లాడ్జిలో దిగారు. ఈద్‌గాహ్‌లో ఆయన వారిని ఆలింగనం చేసుకుని, సాయంత్రానికల్లా బస్సు ఎక్కించి వచ్చాడు. మరుసటి ఏడు వారు రాలేదు. ఆ సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. రేపు మా ఇంటికి కోడలు వచ్చిననాడు ఆమె తలుపు వేసుకునేందుకు ఒక గది ఉండాలి కదా. పర్దా పాటించే ఇంటిలో అది విలాసం కాదు, అవసరం.

హదీసు గ్రంథాలు బోధించేవాడిని కనుక గృహనిర్మాణాన్ని గురించిన హెచ్చరికలు నాకు తెలియనివి కావు. భర్తకు, భార్యకు, అతిథికి మించి ఇంట్లో నాలుగవ పడక ఉంటే అది షైతాను పాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన మాట సహీహ్ ముస్లిం‌లో ఉంది. హజ్రత్ ఖబ్బాబ్ (రజియల్లాహు అన్హు) స్వయంగా గోడ కట్టుకుంటూనే, ఈ మట్టిలో పోసే ధనానికి తప్ప విశ్వాసి చేసే ప్రతి ఖర్చుకూ పుణ్యం ఉందని తనను చూడవచ్చినవారితో అన్నారు. ఇవన్నీ నెమరు వేసుకున్నాను. రెండు చిన్న గదులు, తలుపులకు రంగులు కూడా లేకుండా, నా బిడ్డల కోసం కడుతున్నాను. ఇందులో ఆడంబరం లేదని మనసుకు నచ్చజెప్పుకున్నాను. నా పొరపాటు ఆ వైపు నుండి రాలేదు.

మా ఇల్లు అబ్బాజాన్ కట్టినది. నాలుగు సెంట్ల స్థలం. ముందు రెండు సెంట్లలో మిద్దె, వెనుక రెండు సెంట్లు పెరడు. మట్టితో పేర్చిన రాతి గోడలు, వేప దూలాలు, వాటి మీద నాపబండలు, బండల మీద మన్ను, మన్ను మీద చౌడు. సిమెంటు స్లాబుల కింద పుట్టి పెరిగిన నేటి పిల్లలకు చౌడు మిద్దె అంటే తెలియదు. ఏటేటా తొలకరికి ముందే చౌడు నేలల నుండి ఆ తెల్లని మన్ను బండితో తోలించి మిద్దె మీద పరవాలి. పరవకపోతే ఆ ఏడు వాన నీరు నేరుగా పడకల మీదికే దిగుతుంది. అబ్బాజాన్ పైన నిలబడి పరిచేవారు. నిచ్చెన మధ్యలో నిలబడి గంపలు అందించడం నా వంతు. కింద గంపలు నింపి నాకు ఎత్తి ఇచ్చేది నా ఇద్దరు చెల్లెళ్ళు. పెద్ద చెల్లెలి జుట్టులో ఆ తెల్లని పొడి రెండు రోజుల దాకా కనిపించేది. చిన్నది చేతులు మండుతున్నాయని అమ్మీ దగ్గర ఏడ్చేది. మేము ఐదుగురం వానాకాలంలో పొడి పక్కల మీద నిద్రించామంటే ఆ ఇద్దరి చేతులూ అందులో ఉన్నాయి. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. పునాది గుంతల అంచున నిలబడినప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

అటువంటి మిద్దె మీద అంతస్తు లేపడం సాధ్యం కాదు గనుక గదులు పెరట్లోనే వేయవలసి వచ్చింది. డబ్బు మాటకు వస్తే, నా పొదుపు కొంత, మా ఇంటావిడ గాజులు రెండు, పెద్దవాడు హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో కూడబెట్టి ఇచ్చిన లక్ష రూపాయలు, ఇద్దరు మిత్రులు ఇచ్చిన ఖర్జె హసనా. గృహరుణం తీసుకోమని బంధువులు సలహా ఇచ్చారు. వడ్డీ గడప తొక్కనని చెప్పాను. ఆ విషయంలో నాకు కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. బ్యాంకుకు వెళ్ళి ఉంటే మొదటి రోజునే ఇల్లు ఎవరి పేరున ఉందని అడిగి ఉండేవారు. వెళ్ళలేదు కనుక ఎవరూ అడగలేదు. ఒక హరామ్‌ను తప్పించుకున్న ధీమాలో ఉండి, నేను నిలబడిన నేల ఎవరిదో చూసుకోలేదు.

అడిగింది మా అమ్మాయి.

కొత్త గదులకు వేరుగా కరెంటు మీటరు కావలసి, దరఖాస్తు నింపే పని ఆమెకు అప్పగించాను. ఇంటి పన్ను రశీదులున్న రేకు పెట్టె తెచ్చి ముందు పెట్టుకున్నది. "అబ్బా, యజమాని పేరు దగ్గర ఎవరి పేరు రాయాలి?" అన్నది. నా పేరే రాయమన్నాను. "రశీదు దాదాజాన్ పేరున ఉన్నది" అన్నది. నిజమే. అబ్బాజాన్ 2004లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన పేరుననే పన్ను కడుతూ వస్తున్నాను. పేరు మార్పించుకోవడం బద్ధకించానంతే అని చెప్పాను. ఆమె కాసేపు ఆగి, "దాదాజాన్ తరువాత ఇల్లు మీ ఒక్కరిదేనా? ఫుప్పూలది కాదా?" అని అడిగింది.

"వాళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు కదమ్మా" అన్నాను.

"భాయ్‌లు కూడా వెళ్ళిపోతున్నారు కదా అబ్బా. వాళ్ళకు గదులు కడుతున్నారు."

కోపంతో అనలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. దరఖాస్తులో తరువాతి గడి నింపుతూ మామూలుగా అన్న మాట. నేను లేచి మగ్రిబ్‌కు వెళ్ళాను. ఆ నమాజులో ఇమామ్ ఏ సూరా పఠించారో నాకు గుర్తు లేదు.

వారసత్వ విద్యను బోధించే 'సిరాజీ' గ్రంథాన్ని నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద విద్యార్థుల చేత ఎన్ని కుటుంబాల లెక్కలు వేయించానో చెప్పలేను. ఆ రాత్రి మొదటిసారిగా మా కుటుంబపు లెక్క వేశాను. అబ్బాజాన్ మరణించే నాటికి వారసులు అమ్మీ, నేను, ఇద్దరు చెల్లెళ్ళు. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్ళు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. ఆస్తిని 32 భాగాలు చేస్తే అమ్మీకి 4, నాకు 14, చెల్లెళ్ళకు చెరి 7. అమ్మీ 2011లో కన్నుమూసింది. ఆమె 4 భాగాలలో నాకు 2, చెల్లెళ్ళకు చెరొకటి. వెరసి నాకు 16, వారికి చెరి 8. అంటే ఇల్లు సగం నాది, సగం వారిద్దరిది. నాలుగు సెంట్లలో రెండు సెంట్లు. ఒక సెంటు అంటే 48.4 గజాలు. మా పెరడు మొత్తం ఎంతో సరిగ్గా అంతే. రశీదు వెనుక పెన్సిలుతో వేసిన ఆ లెక్కకు అయిదు నిమిషాలు పట్టింది. రెండో ఏడు విద్యార్థి కూడా చేయగలడు.

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 11వ ఆయతు మీద నేను జుమా ప్రసంగాలు చేసినవాడిని. ఆడబిడ్డల వాటా గురించి చెప్పినప్పుడు ముందు వరుసలోని పెద్దలు తలలూపేవారు. వారి ఇళ్ళ సంగతి నాకు తెలుసు, నా ఇంటి సంగతి వారికి తెలుసు. ఎవరమూ ఎవరినీ అడగలేదు.

మూడు నాలుగు రోజులు మనసు సాకులు వెతికింది. పెళ్ళిళ్ళలో అబ్బాజాన్ వారికి నగలు పెట్టారు గదా అనుకున్నాను. బతికి ఉండగా ఇచ్చిన కానుక వారసత్వంలో జమ కాదని నాకే తెలుసు. అమ్మీకి చివరి మూడేళ్ళు వైద్యం చేయించింది నేను కదా అనుకున్నాను. తల్లికి చేసిన సేవకు చెల్లెళ్ళ దగ్గర కూలి వసూలు చేస్తామా? చివరకు అందరూ అనే మాట నేనూ అనుకున్నాను: వారు అడగలేదు. నిజానికి మన దేశంలో 1937 నాటి షరియత్ చట్టం ప్రకారం వారు న్యాయస్థానానికి వెళ్ళినా వారి వాటా వారికి దక్కుతుంది. కాని మన ఆడపడుచులు వెళ్ళరు. అన్నను కోర్టుకు ఈడ్చిన చెల్లెలికి పండుగకు పుట్టింటి గడప ఉండదని వారికి చిన్ననాటి నుండి నేర్పించాము. ఆ భయం మీద ఎన్ని ఇళ్ళు నిలబడి ఉన్నాయో!

జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ఏడు భూముల లోతు వరకు ఆ నేల చుట్టబడుతుందన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. మేస్త్రీ తవ్వించింది ఆరడుగులే.

పని ఆపించాను. మేస్త్రీ వచ్చి, "మౌల్వీ సాబ్, స్తంభాలు లేచినాయి, ఇప్పుడు ఆపితే కమ్మీలు తుప్పు పడతాయి" అన్నాడు. వారం ఓపిక పట్టమన్నాను. చెల్లెళ్ళిద్దరికీ ఫోను చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. అమ్మాయి పెళ్ళి మాట అనుకుని ఇద్దరూ సంతోషంగా వచ్చారు.

రాత్రి భోజనాలయ్యాక రశీదు వెనుకనున్న లెక్క వారి ముందు పెట్టాను. పెద్ద చెల్లెలు చూడనైనా చూడలేదు. "మాకేం తక్కువ భాయీజాన్? మీరు చల్లగా ఉంటే మాకు పుట్టిల్లు ఉన్నట్టే. మాకేమీ వద్దు, మాఫ్ చేశాము" అన్నది. చిన్న చెల్లెలు ఏమీ అనలేదు. అక్క వైపు చూసి తల ఊపింది. ఇటువంటి మాఫీని గురించి మా ఉస్తాద్ పాఠంలో చెప్పిన సంగతి గుర్తుకు వచ్చింది. వాటా చేతికి రాకముందు, సిగ్గుతోనో భయంతోనో ఆడపడుచు వద్దనే మాటకు విలువ లేదు. ముందు ఆమె సొత్తు ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఇష్టపూర్వకంగా తిరిగి ఇస్తే అది ఆమె ఔదార్యం. లేదా దానికి బదులుగా మరొకటి తీసుకుని ఒప్పందంతో తప్పుకోవచ్చు. దానినే తఖారుజ్ అంటారు. ఇదంతా వారికి వివరించబోతే పెద్దది చెవులు మూసుకున్నది.

మరునాడు ఫజర్ తరువాత మా ఇంటావిడ నాతో చెప్పింది. రాత్రి గిన్నెలు తోముతూ చిన్న చెల్లెలు ఏడ్చిందట. ఆమె భర్త చెప్పుల దుకాణంలో గుమాస్తా. కొన్నేళ్ళ క్రితం ఆ దుకాణం మూతపడి, ఆరు నెలలు ఇంటి అద్దె కట్టలేకపోయారు. అప్పుడు తన వాటా అడుగుదామని రెండుసార్లు బస్సు ఎక్కి మా ఇంటికి వచ్చిందట. రెండుసార్లూ అడగలేక, అన్నం తిని వెళ్ళిపోయింది.

ఆ రెండు రాకలూ నాకు గుర్తున్నాయి. రెండోసారి వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో రెండు వేల రూపాయలు పెట్టాను. ప్రతి రంజాన్‌లోనూ అలాగే ఇచ్చేవాడిని. చెల్లెలి ఇబ్బంది చూసి సహాయం చేస్తున్నానని నా ఉద్దేశం. ఆమె రెండు చేతులెత్తి నా కోసం దుఆ చేసేది, నేను ఆమీన్ అనేవాడిని. ఆమె సొమ్ములో నుండి చిటికెడు తీసి ఆమెకే దానంగా ఇచ్చి, దానికి దుఆలు కూడా పుచ్చుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఊళ్ళో స్థలాల ధర తెలిసిన ఇద్దరు పెద్దమనుషులను పిలిపించి విలువ కట్టించాను. స్థలానికి, పాత మిద్దెకు కలిపి పద్నాలుగు లక్షలు. ఒక్కొక్క చెల్లెలికి మూడున్నర లక్షలు. కొత్తగా లేచిన స్తంభాలను లెక్కలోకి తీసుకోలేదు. పంతొమ్మిదేళ్ళు వారి వాటాలో కూడా నేనే కాపురమున్నందుకు ఇద్దరినీ క్షమాపణ అడిగాను. పెద్దది డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నది, అదీ ఆమె కొడుకు నచ్చజెప్పిన తరువాత. మొదటి విడతగా లక్ష రూపాయలు ఆమె చేతిలో పెట్టాను. మర్నాడు అందులో పాతిక వేలు మా అమ్మాయి పెళ్ళికని మా ఇంటావిడకు ఇచ్చి వెళ్ళింది. నేను అడ్డు చెప్పలేదు. ఇప్పుడు అది ఆమె సొమ్ము. మిగిలిన మొత్తం నాలుగు విడతలలో ఇవ్వాలి. ఈ వ్యాసం రాసే నాటికి రెండు ఇచ్చాను, ఇన్షా అల్లాహ్ తక్కినవి కూడా ఇస్తాను.

చిన్నది మాత్రం డబ్బు వద్దన్నది. "డబ్బు ఇంటికి చేరితే అప్పులవాళ్ళకే సరిపోతుంది భాయీజాన్. నాకు చోటు కావాలి" అన్నది. అంత స్పష్టంగా ఆమె మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. పెరట్లో ఒక సెంటు ఆమెకు విడగొట్టాము. ఆ సెంటులో పడిన గది గోడలను, పాత మిద్దెలో ఆమెకు రావలసిన భాగానికి బదులుగా లెక్క కట్టాము. పక్క సందులోకి ఆమెకు వేరే తలుపు పెట్టించాము. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ముగ్గురం వేలిముద్రలు వేసి భాగ పరిష్కార దస్తావేజు రాయించుకున్నాము. ఖర్చు పోగా చేతిలో మిగిలిన డబ్బు ఒక్క గది స్లాబుకే సరిపోయింది. రెండో గది నాలుగు స్తంభాలుగానే నిలిచిపోయింది. కమ్మీల కొనలకు తుప్పు పట్టకుండా మేస్త్రీ సిమెంటు పాలు పూసి వెళ్ళాడు.

స్లాబు వేసే నాటికే పెద్దవాడు దోహా చేరాడు. ఫోనులో చూపించాను. "ఇది నా గదేనా అబ్బా?" అన్నాడు. ఫుప్పూకు ఇచ్చామని చెప్పి లెక్కంతా వివరించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "మంచిదే చేశారు" అన్నాడు చివరకు. కాని ఆ వారం మళ్ళీ ఫోను చేయలేదు. వాడు ఇచ్చిన లక్ష నా మీద అప్పుగా రాసుకున్నాను. వాడిని తప్పు పట్టను. గది కడతానని ఆశ పెట్టినవాడిని నేను. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి సాక్ష్యానికి వచ్చినప్పుడు, తక్కిన సంతానానికి కూడా అలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) ఆయనను ప్రశ్నించారు. అసలు ఆ రెండు గదులను కొడుకుల పేర్లతో తలపెట్టిన రోజునే ఆ ప్రశ్న నేను వేసుకోవలసింది. రెండో గది ఎప్పటికైనా పూర్తయితే అది ఏ బిడ్డ పేరునా ఉండదని, నా తరువాత ముగ్గురికీ షరీఅత్ ప్రకారం వారి వారి పాళ్ళు చెందుతాయని పిల్లలను కూర్చోబెట్టి, పెద్దవాడిని ఫోనులో ఉంచి, చెప్పాను. మా అమ్మాయి ఈసారి కూడా ఏదో రాసుకుంటూనే విన్నది. గత జనవరిలో ఆమె నికాహ్ జరిగింది. చిన్నవాడు బెంగుళూరులో ముగ్గురు మిత్రులతో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. మిద్దెకు ఈ ఏడు కూడా చౌడు వేయించాలి. తోలేవారు దొరకడం లేదు. పండుగకు చిన్నవాడు వచ్చి ముందు గదిలో మా పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. చిన్న చెల్లెలు ఇంకా తన ఊరు వదలలేదు, పిల్లల బడి ముగిసిన తరువాత వస్తానంటున్నది. రెండు నెలలకోసారి వచ్చి, గది ఊడ్చి, కిటికీ తెరిచి, మాతో కూర్చుని అన్నం తిని వెళుతుంది. ఈ మధ్య వచ్చినప్పుడు అమ్మీ సందూకు అడిగింది. నేను, ఆమె కలిసి దానిని పెరట్లోకి మోసి ఆ గది మూలన పెట్టాము. వెళ్ళేటప్పుడు తలుపుకు తన తాళం వేసుకుని, తాళం చెవి కొంగున ముడి వేసుకున్నది.